ఒక్క రోజులో మన పట్నం చరిత్ర

మన రావల్‌కోల్ నుంచి పట్నం పోయిన కుటుంబాలు చార్మినార్ చూసి, గాజులు కొని తిరిగి వస్తాయి. అది బజారు చూడటమే గాని చరిత్ర చూడటం కాదు. ఉన్నది ఒక్క రోజైతే, చరిత్ర నడిచిన వరుసలోనే తిరగాలని మేమంటాము.

ఎండ ముదరక ముందే గోల్కొండ ఎక్కాలి. 1518 నుంచి 1687 వరకు కుతుబ్ షాహీలు ఏలిన రాజ్యానికి ఇదే కోట. తరువాత దగ్గరలోని సమాధులు. ఆ వంశపు చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా సమాధి మాత్రం అక్కడ కనబడదు. ఔరంగజేబు చేత బందీ అయి దౌలతాబాదులో కన్నుమూశాడు. ఈ సంగతి పిల్లలకు అక్కడే చెప్పాలి.

మధ్యాహ్నం పాతబస్తీ. కోట ఇరుకైనందున ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన కొత్త నగరానికి 1591 నాటి చార్మినారే నడిబొడ్డు. పక్కనే మక్కా మసీదు. 1617లో ముహమ్మద్ కుతుబ్ షా పని మొదలుపెట్టించగా, ఆ వంశాన్ని ఓడించిన ఔరంగజేబే 1694లో పూర్తి చేయించాడు. రాజ్యం పోయినా మసీదు ఆగలేదు.

అసర్ నమాజు అక్కడే చదువుకుని బస్సు ఎక్కితే చాలు. సాలార్‌జంగ్ మ్యూజియానికి ఇంకో రోజు కావాలి. శుక్రవారం అది మూసి ఉంటుందని మరవవద్దు.