కాలేయ కేన్సర్‌పై మూడు పత్రాలు.. మూడు దశాబ్దాల పయనం

లాడ్ బజార్ (హైదరాబాద్ పాతనగరం):

చార్మినార్ పడమటి వైపున ఉన్న లక్కగాజుల వీధి నుంచి పత్తర్‌గట్టి, నయాపూల్ మీదుగా మూసీ దాటితే ఉస్మానియా ఆసుపత్రి వస్తుంది. ప్రేగు కేన్సర్‌తో అక్కడికి వెళ్లిన రోగి బంధువులకు స్కానింగ్ నివేదికలో ‘కాలేయంలోనూ గడ్డలున్నాయి’ అన్న వాక్యం కనబడితే కాళ్లూచేతులూ ఆడవు. ఇక కోసి తీయడానికి వీలుండదా అన్నదే వారి మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న చుట్టూనే తన పరిశోధనను సాగించిన శస్త్రవైద్యుడు డాక్టర్ టి.ఎస్.రవికుమార్. అమెరికాలో సుదీర్ఘకాలం పనిచేసి, స్వదేశానికి వచ్చి పుదుచ్చేరి జిప్‌మర్ డైరెక్టరుగా, తదుపరి గుంటూరు జిల్లా మంగళగిరి ఎయిమ్స్ అధ్యక్షులుగా ఆయన సేవలందించారు.

ప్రేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయానికే చేరుతుంది. అందుకే పెద్దప్రేగు కేన్సర్ కణాలు తరచుగా అక్కడే తిష్ఠ వేస్తాయి. ఆరోగ్యవంతమైన కాలేయంలో సుమారు మూడో వంతు మిగిలినా మనిషి బతకగలడు, కాలేయం తిరిగి పెరుగుతుంది కూడా. అయితే గడ్డలు రెండు వైపులా చెదిరి ఉన్నా, పెద్ద రక్తనాళాలను ఆనుకొని ఉన్నా కత్తికి చోటుండదు.

గడ్డను గడ్డకట్టించి..

ఈ చిక్కుకు మార్గం చూపే ప్రయత్నంగా 1987లో అమెరికా శస్త్రవైద్య పత్రిక ‘ఆర్కైవ్స్ ఆఫ్ సర్జరీ’లో బోస్టన్ బృందం పత్రం వెలువడింది. అందులో మొదటి పేరు రవికుమార్‌దే. ద్రవ నత్రజని ప్రవహించే లోహపు కడ్డీని గడ్డలోకి దించి, దానిని మంచుగా మార్చి చంపడమే ఆ పద్ధతి. ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీల వద్ద మరుగుతుంది. మంచుముద్ద ఎంతవరకు విస్తరించిందో శస్త్రచికిత్స జరుగుతుండగానే అల్ట్రాసౌండ్ తెరపై కనబడడం ఇందులోని అసలు మెలకువ. అంతకుముందు ఆ హద్దును కంటితోనూ చేతితోనూ అంచనా వేయవలసి వచ్చేది. పెద్ద రక్తనాళంలో పారే వెచ్చని రక్తం దాని గోడను కాపాడుతుంది.

1991లో అదే పత్రికలో ఐదేళ్ల అనుభవాన్ని ప్రకటించారు. రోగులు 32 మంది. సగటున రెండేళ్ల పరిశీలన తర్వాత వ్యాధి జాడ లేనివారు 28 శాతం. అంటే అత్యధికులకు వ్యాధి మిగిలింది లేదా తిరగబెట్టింది. పత్రాల సంఖ్యను చూసి వైద్యుని కొలిచే అలవాటు మనకుంది గానీ, ఇటువంటి లెక్కను దాచకుండా ముద్రించడమే పరిశోధకునికి కొలత అని ఈ విలేకరి అభిప్రాయం.

శీతల చికిత్స ఎక్కువ కాలం నిలవలేదు. రక్తస్రావం, కాలేయం పగుళ్లు తదితర సమస్యలకు తోడు 1990ల చివరి నుంచి రేడియో తరంగాల వేడితో గడ్డను మాడ్చే పద్ధతి ముందుకు వచ్చింది. మంచు పోయి మంట వచ్చిందన్నమాట. అయితే తెరపై చూస్తూ గడ్డను ఉన్నచోటే నశింపజేయాలన్న సూత్రం మాత్రం మారలేదు.

బొగ్గు వడపోత

మూడో పత్రం 1994లో ‘జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ’లో వచ్చింది. అప్పటికి ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. కాలేయ గడ్డలు ప్రధానంగా ధమని రక్తంపైనే ఆధారపడతాయి. కనుక గజ్జ నుంచి సన్నని గొట్టాన్ని పంపి, కాలేయ ధమనిలోకి అధిక మోతాదులో మందును వదులుతారు. ఆ మందు దేహమంతా పాకితే ప్రాణాపాయం. అందువల్ల కాలేయం నుంచి వెలుపలికి వచ్చే రక్తాన్ని రెండు బెలూన్లున్న మరో గొట్టంతో అడ్డగించి, బయటికి తెచ్చి, బొగ్గు వడపోతలో శుద్ధి చేసి మెడ సిర ద్వారా తిరిగి ఎక్కిస్తారు. లక్కను కరిగించే ఈ బజారులో బొగ్గు కొత్త వస్తువు కాదు గానీ, రక్తంలోని విషాన్ని పీల్చే పనికి అది వాడబడుతుందని చెబితే గాజుల కొలిమి వద్ద నమ్మేవారు తక్కువ.

నాటి పరీక్షల్లో 5-ఫ్లోరోయురాసిల్, డాక్సోరూబిసిన్ మందులు వాడారు. అనంతరం మెల్ఫలాన్ ఆ స్థానాన్ని ఆక్రమించింది. ఈ తరహా పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023 ఆగస్టులో అనుమతినిచ్చింది. పత్రం వెలువడిన 29 ఏళ్లకు! అదీ కంటిలో పుట్టి కాలేయానికి పాకిన మెలనోమా అనే అరుదైన కేన్సర్‌కు మాత్రమే. పెద్దప్రేగు నుంచి పాకిన గడ్డలకు ఆ అనుమతి వర్తించదు. అలాంటి రోగులు ముందుగా కోసి తీయడానికి వీలుందా, వేడితో మాడ్చే చికిత్సకు గడ్డ పరిమాణం తగునా అన్న విషయాలను ఉదర శస్త్రచికిత్స విభాగంలో అడిగి తెలుసుకోవాలి. ఉస్మానియాలో ఆ విభాగం ప్రత్యేకంగా ఉంది. పాత స్కానింగ్ ఫిల్ములను నివేదికతో పాటు వెంట తీసుకువెళ్లడం అవసరం.