తెగిన లింకును దాటి: నెట్‌వర్క్ దారిమళ్లింపు చరిత్ర

కంప్యూటర్ నెట్‌వర్క్‌లో లింకు తెగినా రాకపోకలు ఆగకూడదంటే మూడు పనులు జరగాలి. తెగిందని పక్కనున్న యంత్రం గుర్తించాలి, ఆ సంగతి మిగతా యంత్రాలకు చేరాలి, అవి మరో దారి పట్టాలి. మరో దారి లెక్కగట్టడమే అసలు కష్టమనిపిస్తుంది. అనుభవం చెప్పింది వేరు. సంగతి సరిగ్గా చేరవేయడం అంతకంటే కష్టం. ఆ మరో దారి నిజంగా వేరే దారేనా అని తెలుసుకోవడం ఇంకా కష్టం.

ఈ సమస్యను మొదట లోతుగా పట్టించుకున్నవారిలో అమెరికాలోని ర్యాండ్ కార్పొరేషన్ ఇంజనీరు పాల్ బారన్ ముఖ్యుడు. ఆనాటి టెలిఫోన్ వ్యవస్థ కొన్ని పెద్ద ఎక్స్ఛేంజీల మీద ఆధారపడేది. యుద్ధంలో అవి కూలితే దేశమంతా మూగబోతుంది. అందుకు విరుగుడుగా ఆయన కేంద్రమంటూ లేని వలను ప్రతిపాదించాడు. ప్రతి కూడలికీ అనేక లింకులుంటాయి. సందేశం చిన్న ముక్కలై, ఏ కూడలికి చేరితే అక్కడే తర్వాతి దారి ఎంచుకుంటుంది. కూడలులన్నిటినీ కలపడానికి కావలసిన కనీస లింకులకు మూడు నాలుగు రెట్లు ఉంటే చాలు, భారీ నష్టం జరిగినా మిగిలిన కూడలులు మాట్లాడుకోగలవని లెక్కలతో చూపాడు. 1964లో 11 సంపుటాలుగా వెలువడిన ఆ పరిశోధనను టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీ ఒప్పుకోలేదు. ఆ నెట్‌వర్క్ నిర్మాణానికి నోచుకోలేదు.

1969లో మొదలైన అర్పానెట్‌ను అణుయుద్ధాన్ని తట్టుకోవడానికే కట్టారనే మాట నేటికీ వినిపిస్తుంది. అది సరికాదు, ఖరీదైన కంప్యూటర్లను పరిశోధకులు దూరం నుంచి పంచుకోవడం దాని లక్ష్యం. అయితే అద్దెకు తీసుకున్న లైన్లు తరచూ చెడతాయని రూపకర్తలకు తెలుసు. కూడలి యంత్రాలు పక్కవాటితో చిన్న పలకరింపు సందేశాలు మార్చుకునేవి. వరుసగా కొన్నింటికి జవాబు రాకపోతే ఆ లైను పోయినట్టే. ఏ గమ్యం ఎంత దూరమో చెప్పే పట్టికను కూడా ప్రతి యంత్రం తన పొరుగువాటికి మాటిమాటికీ అందించేది.

తక్కువ జ్ఞాపకశక్తి గల యంత్రాలకు ఈ పద్ధతి సరిపోయింది. లోపం చెడు కబురు దగ్గర బయటపడింది. క, చ, ట అనే కూడలులు ఒకే వరుసలో ఉన్నాయనుకుంటే, చ–ట లింకు తెగిన క్షణంలో ‘ట నాకు రెండంగల దూరం’ అని క పట్టిక ఇంకా చెబుతూనే ఉంటుంది. ఆ దారి తన మీదుగానే పోతుందని తెలియని చ, క ద్వారా ట మూడంగలని రాసుకుంటుంది. దాన్ని చూసి క నాలుగంటుంది. దూరం అలా పెరుగుతూ పోతుంటే ప్యాకెట్లు, అంటే సందేశపు ముక్కలు, ఆ రెండింటి మధ్యే తిరుగుతుంటాయి. మంచి కబురు చకచకా పాకేది, చెడు కబురు నత్తనడక నడిచేది.

1979లో అర్పానెట్ వేరే పద్ధతికి మారింది. ప్రతి కూడలి తన సొంత లింకుల స్థితిని మాత్రమే నెట్‌వర్క్ మొత్తానికీ చాటుతుంది. ఆ ప్రకటనలతో ప్రతిదీ పూర్తి పటం తయారుచేసుకుని, ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా కనుగొన్న లెక్కింపు తరహాలో దగ్గరి దారి వెతుక్కుంటుంది. ఇక్కడ భారమంతా ప్రకటన సరిగ్గా పాకడం మీద పడింది. ఏది కొత్తదో తెలియడానికి ప్రతి ప్రకటనకూ 0 నుంచి 63 వరకు వరుస సంఖ్య ఇచ్చేవారు; 63 తర్వాత మళ్లీ సున్నా. 1980 అక్టోబరు 27న ఒక యంత్రం జ్ఞాపకంలో బిట్లు చెరిగి, ఒకే కూడలి పేరుతో 8, 40, 44 సంఖ్యలున్న మూడు ప్రకటనలు చలామణిలోకి వచ్చాయి. నియమం ప్రకారం 8 కంటే 40 కొత్తది, 40 కంటే 44 కొత్తది, గుండ్రంగా తిరిగే లెక్కలో 44 కంటే 8 కొత్తది. ప్రతి యంత్రం మూడింటినీ మార్చి మార్చి కొత్తవిగా స్వీకరించి పొరుగుకు పంపుతూ పోయింది. మామూలు ప్యాకెట్ల కంటే వీటికే ముందు దారి కాబట్టి నెట్‌వర్క్ గంటల తరబడి స్తంభించింది. ఒక యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపినా పొరుగువి అవే సందేశాలు అందించేవి. చివరికి ఆ కూడలి ప్రకటనలను పట్టించుకోవద్దని యంత్రాల ప్రోగ్రాములను సవరించాల్సి వచ్చింది. తెగిన లింకు కబురు మోయడానికి పెట్టిన ఏర్పాటే నెట్‌వర్క్‌ను ముంచిన ఈ ఘటన, ఈ రంగంలో అత్యంత విలువైన పాఠాల్లో ఒకటి. 1983లో నెట్‌వర్క్ పరిశోధకురాలు రాడియా పెర్ల్‌మన్ ప్రచురించిన విశ్లేషణ, తర్వాత ఇదే తరహా దారి వెతుకులాటకు 1989లో వచ్చిన ఓఎస్‌పీఎఫ్ ప్రమాణం ఇలాంటి చిక్కులకు పరిష్కారం చూపాయి. ఓఎస్‌పీఎఫ్ నేడు వాడే రూపంలో వరుస సంఖ్య గుండ్రంగా తిరగదు, ప్రకటనకు వయోపరిమితి ఉంటుంది, చెరిగిందో లేదో చెప్పే చెక్‌సమ్ దానితోపాటే ఉంటుంది.

1986 డిసెంబరు 12న మరో రకం వైఫల్యం ఎదురైంది. న్యూ ఇంగ్లండ్ ప్రాంతాన్ని అర్పానెట్‌తో కలిపే లైన్లు ఏడున్నాయి. పటంలో ఏడూ వేర్వేరు. వాస్తవంలో న్యూవార్క్, వైట్ ప్లెయిన్స్ పట్టణాల మధ్య ఏడింటినీ ఒకే ఫైబర్ కేబుల్‌లో నడిపించారు. అది తెగగానే ఆ ప్రాంతం సుమారు 11 గంటలపాటు నెట్‌వర్క్‌కు దూరమైంది. దారి వెతికే ప్రోగ్రాములో తప్పేమీ లేదు, వెతకడానికి దారే లేదు.

తర్వాతి కాలంలో వేగం బాగా పెరిగింది. టెలిఫోన్ సంస్థల సోనెట్ ఫైబర్ వలయాల్లో ఒకవైపు తెగితే రెండోవైపుకు మళ్లడానికి 50 మిల్లీసెకన్ల లక్ష్యం పెట్టుకున్నారు. ముందే సిద్ధం చేసిన ప్రత్యామ్నాయ దారితో రౌటర్లనే కూడలి యంత్రాలూ ఆ వేగాన్ని అందుకున్నాయి. కానీ వేరే దారే లేకపోతే వేగం పనికిరాదు. 2001 జులైలో అమెరికాలోని బాల్టిమోర్ సొరంగంలో గూడ్సు రైలు తగలబడినప్పుడు, అదే సొరంగంలో వెళ్తున్న పలు కంపెనీల ఫైబర్లు కలిసి కాలిపోయాయి. 2008 జనవరి 30న ఈజిప్టు తీరంలో అలెగ్జాండ్రియా సమీపాన సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే సముద్రగర్భ కేబుళ్లు రెండూ దెబ్బతిన్నాయి. యజమానులు వేరు, సముద్రంలో దారి మాత్రం దాదాపు ఒకటే. భారతదేశంలో ఇంటర్నెట్ మందగించింది. యూరప్ వైపు సాగే రాకపోకల్లో కొంత భాగాన్ని తూర్పున సింగపూర్, పసిఫిక్ మీదుగా తిప్పారు.

అందుకే ఒకే కందకం, ఒకే వంతెన, ఒకే తీరం పంచుకునే లింకులన్నిటినీ ఒక ప్రమాద వర్గంగా నమోదు చేసే పద్ధతి వచ్చింది. ఆ గుర్తింపును ఓఎస్‌పీఎఫ్ ప్రకటనలలోనే చేర్చే ప్రమాణం 2005లో వెలువడింది. దానితో రౌటర్లు ప్రధాన దారి ఏ వర్గంలో ఉందో చూసి, ప్రత్యామ్నాయాన్ని దానికి వెలుపల ఎంచుకోగలుగుతాయి. ఏ కేబుల్ ఏ కందకంలో ఉందో నమోదు చేయాల్సింది మాత్రం మనుషులే. మరమ్మతుల్లో కేబుల్ చోటు మారినప్పుడల్లా ఆ నమోదునూ మార్చాలి.