సుల్తాన్ బజార్ గల్లీలో

పొద్దున్నే వర్నిలో బస్సెక్కి నిజామాబాద్, అక్కడ రైలెక్కి హైదరాబాద్‌లోని కాచిగూడ. ఆటో కోఠిలో దింపింది. సుల్తాన్ బజార్ అప్పటికే కిటకిటలాడుతోంది. చీరల దుకాణాలు, గాజుల బండ్లు, బేరాల కేకలు. భుజాలు రాసుకుంటూ నడిస్తే ఒక పాత భవనం మీద పేరు: శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం.

లోపలికి రండి. బజారు గోల సగానికి సగం తగ్గింది. పాత కాగితం వాసన. ఒక పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని పత్రిక పేజీ తిప్పుతున్నారు. పక్కన ఉద్యోగ పరీక్షకు చదివే అమ్మాయి తలెత్తడం లేదు. పాత పుస్తకం తీస్తే రెండు చేతులా పట్టుకోండి, అంచులు రాలిపోతాయి.

ఈ నిలయం, అంటే తెలుగు గ్రంథాలయం, 1901 సెప్టెంబర్ 1న మొదలైంది, రావిచెట్టు రంగారావు ఇంట్లో. ఆయనతో పాటు కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు. నిజాం రాజ్యంలో కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ నడిచిన కాలమది. మరి తెలుగు చదువుకునేవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి? ఇక్కడే. ఈ చోటుకో బలం ఉంది. 1933 దాకా ఈ బజార్లు బ్రిటిష్ రెసిడెన్సీ ఏలుబడిలో ఉండేవి, నిజాం పోలీసుల అదుపు ఇక్కడ నేరుగా సాగేది కాదు. రావిచెట్టు రంగారావు పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విరాళం నిలయం సొంత భవనానికి ఆసరా అయింది. ఆ తల్లి పేరు ఇంకా ఎక్కువ మందికి తెలియాలి.

ఇది వెలిగాక 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధిని గ్రంథాలయాలు వచ్చాయి. 1906లో లక్ష్మణరావు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టింది కూడా ఈ హైదరాబాద్‌లోనే. తర్వాతి కాలంలో నిలయాన్ని భుజాన మోసిన మాడపాటి హనుమంతరావు నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ళ ఆంధ్రోద్యమానికి పెద్ద దిక్కయ్యారు. ఆ ఉద్యమ వేదికగా 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ 1937లో మన నిజామాబాద్‌కూ వచ్చింది. ఆ సభలకు మనుషులను తయారు చేసింది ఇలాంటి చదువుగదులే.

దీన్ని సర్కారు కట్టివ్వలేదు. చదివేవాళ్ళే చందాలతో, విరాళాలతో నిలబెట్టుకున్నారు. ఈసారి కోఠికి వస్తే ఒక గంట ఇక్కడ కూర్చోండి. వెళ్ళేముందు సభ్యత్వం గురించి అడిగి తెలుసుకోండి.