జిగురు అతుకుల వైఫల్య నమూనాలు

జిగురుతో అతికిన లోహపు రేకులు, కాంపోజిట్ పలకలు ఎంత బరువుకు, ఎక్కడ మొదలై, ఎలా విడిపోతాయో ముందే లెక్కగట్టే గణిత పద్ధతులివి. విమానాలు, గాలిమరల రెక్కలు, కార్ల బాడీల రూపకల్పనలో వాడతారు.

ఒక రేకు అంచును మరో రేకు మీదికి ఎక్కించి అతికే ల్యాప్ జాయింటుతోనే ఈ లెక్కలు మొదలయ్యాయి. లాగినప్పుడు బరువును జిగురంతా సమానంగా మోయదు. రెండు కొసల మీదే ఎక్కువ భారం పడుతుంది, నడిమి జిగురుకు పెద్దగా పని ఉండదు. 1938లో ఫోల్కర్‌సెన్ దీన్ని లెక్కకట్టి చూపాడు. అతుకు పొడవు రెట్టింపు చేసినా బలం రెట్టింపు కాకపోవడానికి కారణం ఇదే. పైగా రేకులు రెండూ ఒకే వరుసలో ఉండవు కాబట్టి, లాగితే అతుకు వంగుతుంది. ఆ వంపు కొసలను ఊడదీస్తుంది. ఈ సంగతిని 1944లో గోలండ్, రైస్నర్ లెక్కలోకి తెచ్చారు. రేకులను పక్కకు జరిపే బలాన్ని జిగురు బాగానే ఓర్చుకుంటుంది. ఊడదీస్తే మాత్రం ఇట్టే లొంగుతుంది.

అతుకును చిన్న ముక్కల (ఎలిమెంట్ల) వలగా, అంటే మెష్‌గా, విడగొట్టి కంప్యూటర్లతో లెక్కకట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వచ్చాక కొత్త చిక్కు ఎదురైంది. పదునైన మూల దగ్గర మెష్‌ను సన్నం చేసేకొద్దీ ప్రతిబలం పెరుగుతూనే పోతుంది. అలాంటి అంకెను జిగురు బలంతో పోల్చి లాభం లేదు. అందుకే లెక్క శక్తి వైపు మళ్లింది: పగులు ఒక చదరపు మీటరు మేర సాగడానికి ఎన్ని జౌళ్లు ఖర్చవుతాయి? పెళుసు ఇపాక్సీకి ఇది వందల్లో ఉంటుంది, రబ్బరు కణాలు కలిపిన రకాలకు వేలకు చేరుతుంది.

నేడు ఎక్కువగా వాడే కొహీసివ్ జోన్ నమూనాకు 1960 ప్రాంతపు డగ్‌డేల్, బారెన్‌బ్లాట్ ఆలోచనలు మూలం. ఇందులో జిగురు పొర ఒక స్ప్రింగుల వరుస. ఎడం పెరిగేకొద్దీ ప్రతి స్ప్రింగూ బిగుస్తుంది, గరిష్ఠ బలం దాటాక సడలుతుంది, చివరికి తెగుతుంది. ఈ బలం–ఎడం గీత కింది వైశాల్యమే పగులు శక్తి. పగులు ఎక్కడుందో ముందే చెప్పనక్కర్లేదన్నది దీని సౌకర్యం. అయితే సడలే మేరలో కనీసం మూడు ఎలిమెంట్లైనా పడాలి. ఈ జాగ్రత్త లేకుండా కంప్యూటర్ గీసే రంగుల చిత్రాలు ఎంత అందంగా ఉన్నా నమ్మదగినవి కావు.

విడిపోయిన ముఖాన్ని చూస్తే నమూనా సరైనదో కాదో చాలావరకు తేలుతుంది. రెండు వైపులా జిగురుంటే చీలింది జిగురే. జిగురుకు కార్బన్ పోగులు అంటుకుని వస్తే చీలినవి కాంపోజిట్ పలకలోని పొరలు. ఒకవైపు లోహం బోడిగా కనిపిస్తే తప్పు అతికే ముందు ఉపరితలాన్ని శుభ్రం చేయడంలోనో, తర్వాత చేరిన తేమలోనో ఉంటుంది. బాగా అతికిన జిగురు మీద తీసిన కొలతలతో కట్టిన నమూనాకు ఈ మూడో రకం వైఫల్యం అందదు.

ఇలా జిగురు ఊడితే ఏమవుతుందో ఒక ప్రమాదం చూపింది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో, 24,000 అడుగుల ఎత్తున, అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పులో కొంత భాగం ఊడిపోయింది. ఒక విమాన పరిచారిక మరణించారు. పైరేకుల అతుకులో జిగురు విడిపోవడంతో భారం రివెట్ల మీద పడి, వాటి రంధ్రాల వద్ద పుట్టిన అలసట పగుళ్లు ఒకదానితో ఒకటి కలిశాయి. ఆ విమానం 1969లో తయారైంది. అందులో వాడిన, వేడి చేయకుండా అతికే (కోల్డ్ బాండ్) జిగురు పద్ధతిని బోయింగ్ 1972లోనే మానేసింది.