పరీక్ష పేపరు మీద మన మాట

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు చరిత్ర ఏదైనా రాసి ఇమ్మని సంఘం వారు అడిగారు. కోటల గురించి, సంస్థానాల గురించి నాకంటే బాగా రాయగలవారు మన సభ్యుల్లో ఉన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసి, వేసవి వచ్చిందంటే పేపర్లు దిద్దడానికి బయలుదేరినవాణ్ణి నేను. నాకు బాగా తెలిసింది పరీక్ష పేపరే. దాని చరిత్రలో మన రెండు జిల్లాలకు పెద్ద భాగమే ఉంది కనుక అదే రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక ఏడు 'మీ ఊరి పండుగ' అని వ్యాసం ఇచ్చారు. ఒక పిల్లవాడు వాళ్ళ ఊరి అమ్మవారి సంబరం గురించి రెండు పేజీలు రాశాడు. బేగి లేచి స్నానాలు చేశామని, పొలం పని ఒగ్గేసి పెదనాన్న వచ్చాడని, చెల్లెలు జనంలో తప్పిపోయి దొరికిందని రాశాడు. చదువుతుంటే డప్పు వినబడినట్టే ఉంది. అయినా 'బేగి' కింద గీత గీశాను, 'ఒగ్గేసి' కింద గీత గీశాను, పక్కన 'గ్రామ్యం' అని రాసి పదికి మూడు వేశాను. తరవాతి పేపరు గైడులోంచి బట్టీ పట్టిన వ్యాసం. అది ఏ ఊరి పండుగో తెలియదు, కానీ ఒక్క తప్పూ లేదు. ఏడు వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను; హాయిగా పట్టింది. రిటైరయ్యాక గిడుగు, గురజాడల వాదాలు తీరిగ్గా చదువుతున్నప్పుడు ఆ పేపరు గుర్తుకు వచ్చింది.

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో మహారాజా వారి పాఠశాలలో గురజాడ అప్పారావు గారూ ఆయనా కలిసి చదువుకున్నారు. 1880లో గిడుగు వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. అది నేడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మొదట ఆయన చెప్పింది తెలుగు కాదు, చరిత్ర పాఠం. అక్కడి కొండల్లోని సవరలతో కలిసి వారి భాష నేర్చుకున్నారు. వారి పిల్లల కోసం సవర భాషలో పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. బడికి వచ్చే పిల్లవాడు ఒక భాషను వెంట తెచ్చుకునే వస్తాడని ఆయనకు అనుభవం మీద తెలిసింది.

ఆ రోజుల్లో తెలుగు పరీక్ష అంటే కావ్యభాషలో రాయడమే. 'వచ్చాడు' అంటే తప్పు, 'వచ్చెను' అనాలి. 'చేస్తున్నాడు' పనికిరాదు, 'చేయుచున్నాడు' కావాలి. అరసున్నలు, సంధులు సరేసరి. ఉత్తర సర్కారుల్లో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, వీధిలో వినిపించే తెలుగు ఒకటి, బడిలో తెలుగు ఇంకొకటి ఎందుకని అడిగాడు. విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను గిడుగు, గురజాడల దగ్గరకు చేర్చారు. నలుగురూ కలిసి పట్టు పట్టాక, 1910ల తొలి ఏళ్ళలో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని పాత పద్ధతిలో గాని, వాడుక తెలుగులో గాని రాయవచ్చని అనుమతి వచ్చింది.

పండితులు ఊరుకోలేదు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. జయంతి రామయ్య పంతులు గారు ప్రతిపక్షానికి పెద్దదిక్కు అయ్యారు. వారి మాటను కొట్టిపారేయడానికి లేదు. జిల్లా జిల్లాకూ మాట మారుతుంది, అందరికీ ఒకే కొలత లేకపోతే మార్కులు ఎలా వేస్తారు, పిల్లలు రేపు కావ్యాలు ఎలా చదువుతారు అని వారు అడిగారు. పేపర్లు దిద్దినవారెవరికైనా ఇది న్యాయమైన ప్రశ్నే.

గిడుగు వారి జవాబు నాబోటి పండితుడికి గుచ్చుకునేది. కావ్యభాషే రాయాలని వాదించే పండితుల రచనల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి చూపించారు. నేర్పేవాడికే పట్టుబడని భాషలో పిల్లవాడిని పరీక్షిస్తే తేలేదేమిటి? వాడి తెలివా, వాడి జ్ఞాపకశక్తా? మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో సభ్యుడైన గురజాడ, ఆరోగ్యం బాగాలేకపోయినా, 1914లో తన అసమ్మతిని ఒక పుస్తకమంత రాసి ఇచ్చారు. అయినా సంఘంలో గెలిచింది పాత పక్షమే. స్కూలు ఫైనలుకు ఇచ్చిన అనుమతీ నిలవలేదు. 1915 నవంబరు 30న గురజాడ కన్నుమూశారు. గిడుగు వారు 1940 జనవరి 22న పోయేదాకా పోరు మానలేదు. చివరికి పత్రికలూ, పాఠ్యపుస్తకాలూ, పరీక్షలూ ఆయన దారికే వచ్చాయి. నేడు ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతమే. కాని ఆ పోరాటం గెలిపించింది శిష్ట వ్యావహారికాన్ని, అంటే చదువుకున్నవారి వాడుకను. కాలక్రమంలో కృష్ణా, గోదావరి ప్రాంతాల మాటే దానికి కొలత అయింది. మన 'ఏటి', 'బేగి', 'ఒగ్గేయడం' బయటే ఉండిపోయాయి. గిడుగు పుట్టిన గడ్డ మీది పిల్లవాడి పేపరు మీద, గిడుగు తెరిపించిన భాషలో పాఠం చెప్పి జీతం తీసుకున్న నేను 'గ్రామ్యం' అని రాశాను. కంచె పోలేదు, కాస్త జరిగిందంతే.

తరవాత కొంత మార్పు వచ్చింది. 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో సవర, కువి, కొండ మొదలైన ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల చదువు మొదలుపెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని, పిల్లవాడికి ఏం అర్థమైందో నిరంతరం చూస్తూ ఉండాలని చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పరీక్షలో అదనపు సమయానికి, రాసిపెట్టే సహాయకుడికి, రెండో మూడో భాషల మినహాయింపుకి చోటిచ్చింది. పరీక్షకు పిల్లవాడు సరిపోవడమే కాదు, పిల్లవాడికి పరీక్ష కూడా సరిపోవాలన్నదే వీటన్నిటి సారం.

రామయ్య పంతులు గారి ప్రశ్న మాత్రం అలాగే ఉంది, కొలత ఏదని. నాకు తోచింది చెబుతాను. తహసీల్దారుకు అర్జీ రాయమంటే అందరికీ తెలిసిన భాషే అడగాలి, అదే నేర్పాలి, లేకపోతే నష్టపోయేది పిల్లవాడే. మీ ఊరి సంబరం గురించి చెప్పమంటే మాత్రం ముందు వాడు చెప్పిన విషయానికి మార్కులు వెయ్యాలి. ఊరి మాట కింద ఎర్రగీత గీయకూడదు. పక్కన ప్రమాణ రూపం రాసి చూపిస్తే చాలు. అప్పుడు పిల్లవాడికి రెండు మాటలు వస్తాయి, ఉన్నది పోదు.

ఆ పిల్లవాడికి ఈపాటికి పిల్లలు ఉండి ఉంటారు. ఎవరో, ఎక్కడున్నాడో నాకు తెలియదు, పేపరు మీద నంబరు తప్ప పేరు ఉండదు కదా. మన సభ్యుల ఇళ్ళలో మనవలు తెలుగు పేపరు తెచ్చి చూపిస్తే, మార్కులు చూసేముందు వాళ్ళు ఏం రాశారో ఒకసారి చదవండని మనవి. నేను ఆనాడు చదివాను, మెచ్చుకున్నాను కూడా, కాని మూడే వేశాను.