డెక్ టికెట్టు

తార్నాకలో మామయ్యగారి హాల్లో లాప్‌టాప్ ముందేసుకుని నేనూ మా ఆవిడా విశాఖపట్నం నుంచి బయలుదేరే క్రూయిజ్ రేట్లు చూస్తున్నాం. కిటికీ లేని గదికి ఇంత, కిటికీ ఉంటే ఇంత, బాల్కనీ ఉంటే ఇంకింత. ఆవిడ అప్పటికే ఎక్సెల్ షీట్ ఒకటి తెరిచింది (ఇద్దరం సాఫ్ట్‌వేరే, మా ఇంట్లో ఉప్పు డబ్బాకీ షీట్ ఉంటుంది). రైల్వేలో రిటైరైన మామయ్యకి పెద్దగా ఆసక్తి ఉన్నట్టు లేదు. కాసేపటికి పేపరు దించి అడిగారు.

"డెక్ టికెట్టు ఎంతట బాబూ?"

"డెక్‌కి టికెట్టుండదండీ, అందరికీ ఫ్రీ. స్విమ్మింగ్ పూల్ అక్కడే" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "మా తాత డెక్ టికెట్టు మీదే రంగం వెళ్ళేడు" అన్నారు.

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో ఆ ఊరికి వాడుక పేరు అదే. 1856లో కలకత్తాకీ బర్మాకీ మధ్య టపా మోయడానికి పుట్టిన ఒక స్టీమర్ కంపెనీ 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరు మార్చుకుంది. తర్వాతి దశాబ్దాల్లో స్టీమర్లు గోపాలపూర్, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో జనాన్ని ఎక్కించుకుని బంగాళాఖాతం దాటేవి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో లక్షన్నర మందికి పైగా తెలుగువాళ్ళు ఉన్నారు. రంగూన్ నగరంలో సగానికి పైగా జనం ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళే. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద.

మన సముద్ర ప్రయాణాల చరిత్ర అంటే మనకి మోటుపల్లి, మచిలీపట్నం, డచ్చివాళ్ళు, అద్దకం బట్టలు గుర్తొస్తాయి. సరుకుల చరిత్ర అది. మనుషులు లక్షల్లో ఓడెక్కింది మాత్రం ఈ రంగం దారిలోనే. ఆ ఓడలమీద విహారయాత్ర అనే మాటకి చోటే లేదు. అయినా ఇవాళ క్రూయిజ్ ప్లాన్ చేసుకునేవాడు అడగవలసిన ప్రశ్నలన్నీ వాళ్ళు ముందే అడిగేశారు. ఏ కాలంలో వెళ్ళాలి, పడక ఎక్కడ, తిండి ఎవరిది, ఒడ్డుకి చేర్చేదెవరు.

ప్యాకేజీ సంగతే చూడండి. అప్పటి టూర్ ఆపరేటర్ పేరు మేస్త్రీ. ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, ఓడ టికెట్టు కొనేవాడు, రంగూన్లో పనీ కొంపా చూపించేవాడు. తర్వాత అదంతా కూలిలోంచి కోసుకునేవాడు. అప్పు తీరేదాకా మనిషి వాడి చేతిలోనే. 'ఆల్ ఇన్‌క్లూజివ్' అన్న మాట చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు మేస్త్రీ గుర్తొస్తున్నాడు. క్రూయిజ్ రేటులో గదీ భోజనమూ ఉంటాయి. పోర్టు ఛార్జీలు, టిప్పులు, వైఫై, మందు, ఒడ్డుమీద తిరుగుళ్ళు చాలాసార్లు వేరే. షీట్‌లో ఆ వరసలు ముందే వేసుకోవాలి, దిగే రోజు బిల్లులో చూసి కాదు.

డెక్ ప్యాసింజరు అంటే గది లేనివాడు. ఓడ తలమీద, సరుకు దించే మూతల పక్కన చాప పరుచుకుంటే అదే అతని స్థలం. పైన క్యాబిన్లలో కొద్దిమంది దొరలు, షావుకార్లు. కింద వందల మంది. అలలు ఎక్కువైతే చాపలు తడిసేవి, మూటలు జారేవి. ఇవాళ మనం బాల్కనీ గదికి ఎక్కువ డబ్బులు పోసేది ఆ గాలికోసమే. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళకి అసలు బాల్కనీ మంచి ఎంపిక కాదు. ఓడ ఊగేటప్పుడు కింది అంతస్తుల్లో, పొడవులో సరిగ్గా నడిమధ్యన ఉన్న గదులు తక్కువ కదులుతాయి. అవే చవక కూడా. మన బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా పుట్టేది ఏప్రిల్–జూన్, అక్టోబరు–డిసెంబరు మధ్య. పిల్లల సెలవులు సరిగ్గా అప్పుడే రావడం మన ఖర్మ.

కానీ నాకు బాగా నచ్చిన సంగతి ఒడ్డుది. 1933 దాకా విశాఖలో ఓడ లోపలికొచ్చి ఆగే హార్బరు లేదు. ఆ ఏడు అక్టోబరు 7న జలదుర్గ అనే స్టీమరు కొత్త హార్బరులోకి మొదట ప్రవేశించింది. అంతకుముందు ఓడలు దూరంగా లంగరు వేసేవి, పడవల మీద జనాన్ని చేర్చేవారు. కాకినాడలో లోతు చాలక ఓడ మైళ్ళ దూరంలో నిలబడేది. ఈ తీరమంతా అలల్ని దాటించినవి మసూలా పడవలు. వాటికి మేకులుండవు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన గట్టి పడవ ఇసుకమీద అల విసిరేస్తే పగిలిపోతుంది, కుట్టిన పడవ ఒళ్ళు వంచి దెబ్బ తట్టుకుంటుంది. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్ళు చదివిన స్ట్రెస్, స్ట్రెయిన్ ఆ బెస్తవాళ్ళ చేతుల్లో ఉన్నంత సులువుగా నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఇప్పటికీ కొన్ని రేవుల్లో పెద్ద ఓడ గట్టు దాకా రాదు. చిన్న బోట్లలో దింపుతారు, టెండర్ అంటారు. టికెట్టు కొనేముందు ప్రతి రేవుకీ ఈ మాట అడిగి తీరాలి. సముద్రం బాగోకపోతే ముందు రద్దయ్యేవి ఆ రేవులే. బోటు వరసలో గంట పోతుంది, తిరిగి రావడానికి ఇంకో గంట. ఎనిమిది గంటల మజిలీ అన్నది చేతికి ఐదో ఆరో మిగులుతుంది. మీ అంతట మీరు ఆటో మాట్లాడుకుని తిరిగితే చవకే గానీ ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు. ఓడవాళ్ళే తీసుకెళ్ళిన బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఆగుతుంది. దూరపు ఊళ్ళకి వాళ్ళ బస్సు, రేవు పక్క బజారుకి మన కాళ్ళు. ఇదీ నా లెక్క.

సాయంత్రం మామయ్యతో పాటు ఓయూ క్యాంపస్‌లోకి వాకింగ్‌కి వెళ్ళాను. ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ఆయన ఎప్పుడూ కాసేపు కూచుంటారు. ఆ బిల్డింగు కూడా ఒక ఓడ ప్రయాణం ఫలితమే అని చెప్పాను. యూనివర్సిటీకి భవనాలు కట్టాలనుకున్నప్పుడు, 1930 ప్రాంతంలో, నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని లోకంలోని విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. యూరప్, అమెరికా తిరిగారు. ఈజిప్టులో పనిచేస్తున్న బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ దొరికాడు. అజంతా, ఎల్లోరా స్తంభాలమీద అరబ్బుల కమానులు నిలబెట్టిన ఈ గులాబీరంగు రాతి భవనాన్ని 1939 డిసెంబరు 4న నిజాం ప్రారంభించాడు. నాకు తెలిసి ఒడ్డు దిగి చూసినందుకు మన ఊరికి ఇంత లాభం తెచ్చిన ప్రయాణం ఇంకొకటి లేదు. వాళ్ళు చేసింది ఒకటే. ఏం చూడాలో ముందే అనుకుని వెళ్ళారు.

"వాళ్ళు క్యాబిన్‌లో వెళ్ళుంటారు" అన్నారు మామయ్య.

నిజమే. ఆ 1930లోనే, మే నెలలో, రంగూన్ రేవులో తెలుగు హమాలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీల్ని పెట్టాయి. రాజీ కుదిరి తెలుగువాళ్ళు మళ్ళీ పనికొచ్చిన రోజు, 26న, బర్మావాళ్ళని పొమ్మన్నారు. గొడవ రేవులో మొదలై ఊరంతా అంటుకుంది. వందకు పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఇద్దరినీ కొట్లాటకి దింపిన కంపెనీల ఓడలు మాత్రం సరుకు దింపుకుని వెళ్ళిపోయాయి. మామయ్య తాత అప్పుడు అక్కడ ఉన్నాడట. తలమీద మచ్చ ఉండేదట. దాని గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ ఏమీ చెప్పలేదట.

దిగనిచ్చేవాడు దిగనిస్తేనే ఒడ్డు మనది. 2022 జూన్‌లో చెన్నై నుంచి బయలుదేరిన కోర్డీలియా ఓడ విశాఖ వచ్చి పుదుచ్చేరి వెళ్తే, లోపల క్యాసినో ఉందన్న గొడవలో అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. ప్రయాణికులు ఊరు చూడకుండానే వెనక్కి తిరిగారు. ఇంట్లో ఇది చెప్పినప్పుడు అందరం నవ్వాం. అందుకే ఒక రేవు కోసమే టికెట్టు కొనకండి. ఓడ కంపెనీకి రేవు మార్చే హక్కు ఉంటుందని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తిరిగొచ్చే ఓడలు కొన్నే. క్యాబిన్ కొనగలిగినవాళ్ళు ఎక్కారు. అంతకాలం కంపెనీలకి డబ్బు తెచ్చిపెట్టిన డెక్ టికెట్టు, నిజంగా కావలసివచ్చిన రోజున, కూలివాళ్ళకి దొరకలేదు. లక్షలమంది అడవుల్లో, కొండల్లో నడిచి అరకాన్ వైపూ మణిపూర్ వైపూ వచ్చారు. దారిలో కలరాకీ ఆకలికీ ఎన్ని వేలమంది పోయారో. మామయ్య నాన్నకి అప్పుడు పదేళ్ళు. బయలుదేరినప్పుడు ఇంట్లో ఐదుగురు, కళింగపట్నం చేరింది ఇద్దరు. ఆ ఇద్దరిలో తాత ఒకరు. మళ్ళీ ఓడెక్కలేదు.

1960లలో బర్మా నుంచి మళ్ళీ కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకి విశాఖ కంచరపాలెంలో ఒక కాలనీ ఉంది. పేరు ఇప్పటికీ బర్మా క్యాంపే. 2023 సెప్టెంబరులో ప్రారంభించిన క్రూయిజ్ టెర్మినల్ అదే ఊళ్ళో ఉంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ షీట్‌లో గదులు మూడుకి మార్చింది. నాలుగో అంతస్తులో, నడిమధ్యన, కిటికీ లేనివి. మామయ్యకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని రూటు మ్యాప్ మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

"కళింగపట్నం మీంచి పోదా?"

"పోదండీ. విశాఖ నుంచి దక్షిణానికే."

"రాత్రిపూట దీపాలైనా కనపడవా?"

"అది ఉత్తరం కదండీ."

ఆయన పేపరు మళ్ళీ ఎత్తారు. షీట్‌లో మూడో గది అడ్డవరస ఇంకా అలాగే ఉంది, పేరు రాయలేదు.