మంచుపెట్టెలో పారిస్‌కి

2026 డిసెంబరు 17కి ఫ్రాంక్ బక్లండ్ పుట్టి 200 ఏళ్లు. పాతిపెట్టిన చిరుతను తవ్వించి రుచి చూసిన ఘనుడీయన. ఉద్యోగం మాత్రం ఇంగ్లండు నదుల్లో సాల్మన్ చేపల తనిఖీ. వేట నిషేధ కాలంలో పట్టిన సాల్మన్ దేశం దాటకూడదన్న చట్టం కథలో ఆయన చివర్లో వస్తాడు.

సాల్మన్ మన పులసలాగే సముద్రం నుంచి నదికి ఎదురీది గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టే ఆ రోజుల్లో దాని జోలికి పోవద్దని ఇంగ్లండులో 1285లోనే శాసనం చేశారు. సెప్టెంబరు 8 నుంచి నవంబరు 11 దాకా వేట బంద్. మొదటిసారి దొరికితే వలలు తగలబెట్టేవారు, రెండోసారికి మూడు నెలల జైలు, మూడోసారికి ఏడాది. తర్వాతి అయిదు శతాబ్దాల్లో రాజులు మారారు, చట్టాలు పెరిగాయి, దొంగ వేట ఆగలేదు.

ఇక నాకు ఇష్టమైన ఘట్టం. తాజా సాల్మన్ దూరం పోయేది కాదు. ఉప్పులో ఊరవేసో, ఉడికించి వెనిగర్‌లో వేసో పంపేవారు. 1780ల్లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో జార్జ్ డెంప్‌స్టర్ అనే స్కాటిష్ ఎంపీకి అలెగ్జాండర్ డాల్‌రింపుల్ ఒక కబురు చెప్పాడట. చైనాలో జాలర్లు చేపను మంచులో పెట్టి లోతట్టు ఊళ్లకు పంపుతారని. ఈ డాల్‌రింపుల్ కుర్రవాడిగా మద్రాసు కంపెనీ కొలువులో చేరి, తూర్పు సముద్రాలు తిరిగినవాడు. డెంప్‌స్టర్ ఆ మాట పెర్త్‌లోని చేపల వర్తకుడు రిచర్డ్‌సన్ చెవిన వేశాడు. అంతే, టే నది సాల్మన్ మంచు కప్పుకుని లండన్ చేరింది. నదీతీరాల్లో మంచు కొట్లు లేచాయి. స్పే నది ముఖద్వారంలో 1830లో కట్టిన టగ్‌నెట్ మంచుకొట్టు ఇప్పటికీ నిలిచే ఉంది. చలికాలంలో చెరువుల మంచు కోసి ఈ కొట్లలో దాచేవారు. డెంప్‌స్టర్ పదవీకాలం సంగతి ఎవరికీ గుర్తులేదు, ఈ మంచు ముక్క మాత్రం చరిత్రలో కరగలేదు.

మంచుకు రైలు తోడయ్యేసరికి దొంగలకూ దారి దొరికింది. 1861 చట్టం నిషేధ కాలంలో అమ్మకం ఆపింది. కానీ అది ఇంగ్లండులోనే కదా! ఇక్కడ చెల్లని చేప పారిస్‌లో ధర పలికేది. అందుకే 1863లో ఎగుమతి మీదా నిషేధం పెట్టారు, 1870లో రేవుల్లో కస్టమ్స్ నమోదు తప్పనిసరి చేశారు. 1867లో తనిఖీ అధికారి అయిన బక్లండ్ అప్పటికి మంచి ఊపులో ఉన్నాడు. ఆనకట్ట దాటే దారి లేని ఒకచోట సాల్మన్లను వేరే దారి చూసుకోమంటూ కాగితం అంటించాడు కూడా.

1923, 1975 చట్టాలు ఎగుమతి నిబంధనను మోసుకొచ్చాయి. ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది. గాలంతో పట్టిన సాల్మన్‌ను అమ్మడమే స్కాట్లాండులో 2002 నుంచి, ఇంగ్లండులో 2009 నుంచి నిషేధం. 2023లో బ్రిటన్ నదుల సాల్మన్ అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకెక్కింది. ఇప్పుడు ఫ్రాన్స్‌కు పెట్టెలకొద్దీ వెళ్లే స్కాటిష్ సాల్మన్ బోనుల్లో పెంచినది. దానికి నిషేధ కాలమే లేదు.